థైరాయిడ్‌ను ముదరబెట్టడం ఎలా? యాప్రాల్ వాసులకు పది పక్కా చిట్కాలు

థైరాయిడ్ అతిగా పనిచేస్తోందా? గుండె దడదడలాడుతోందా? కంగారు పడకండి. గంటలో తేలిపోయే జబ్బును ఏళ్ల తరబడి సాగదీసే మార్గం ఉంది. కింది చిట్కాలను వరసగా పాటించండి.

1. లక్షణాలకు మంచి పేర్లు పెట్టండి. రెండింతలు తింటున్నా బరువు తగ్గుతున్నారా? సైనిక్‌పురి దాకా చేసిన వాకింగ్ ఫలితమనండి. ఏసీలోనూ చెమటలా? ఈ ఏడాది ఎండలు అలా ఉన్నాయి. చాచిన వేళ్ల మీద పెట్టిన కాగితం వణుకుతోందా? కాగితం తీసేయండి. వణుకు కనపడదు.

2. పేరు చూసి భయపడండి. 'న్యూక్లియర్ మెడిసిన్' బోర్డు కనబడగానే వెనక్కి తిరగండి. 1971లో మొదలై అణు విద్యుత్ కేంద్రాలకు ఇంధనం తయారుచేస్తున్న న్యూక్లియర్ ఫ్యూయెల్ కాంప్లెక్స్ మనకు నాలుగడుగుల దూరం. అది ఉన్న ఈసీఐఎల్ వైపే వెళ్లి నిశ్చింతగా కూరగాయలు బేరమాడతారు. అక్కడ వాడని భయాన్నంతా దాచిపెట్టి స్కాన్ తీసే గామా కెమెరా ముందు ఖర్చుపెట్టండి. బోస్టన్‌లో సాల్ హెర్ట్జ్ అనే డాక్టరు 1941లోనే ఈ జబ్బుకు రేడియో అయోడిన్ ఇచ్చాడని ఎవరైనా చెబితే, "కొత్త వైద్యాలు మా మీద ప్రయోగిస్తారా?" అని గట్టిగా అడగండి.

3. స్కాన్ ఎగ్గొట్టి మందు అరువు తెచ్చుకోండి. టీ3, టీ4 ఎక్కువ, టీఎస్‌హెచ్ తక్కువ. ఈ రిపోర్టు రెండు వేర్వేరు జబ్బుల్లో రావచ్చు. గ్రేవ్స్ జబ్బులో గ్రంథి హార్మోన్‌ను అతిగా తయారుచేస్తుంది. థైరాయిడైటిస్‌లో గ్రంథి వాచి, నిల్వ ఉన్న హార్మోన్ బయటికి కారిపోతుంది. చేతికి టెక్నీషియం సూది వేసి, ఇరవై నిమిషాలాగి కెమెరా కింద పడుకోబెడితే మొదటిది నిండుగా కనిపిస్తుంది, రెండోది కనిపించీ కనిపించనట్టు ఉంటుంది. అంత తేలిగ్గా గుట్టు బయటపడనివ్వకండి. ఎదురింటి వదినకు కార్బిమజోల్ మాత్ర పనిచేసింది కదా, ఆవిడ డబ్బాలోంచే నాలుగు గోళీలు తెచ్చుకోండి. మీది థైరాయిడైటిస్ అయితే ఆ మందు దేనికీ పనికిరాదు. గ్రేవ్సే అయితే ఆ మోతాదు వదినది. మందు వాడుతుండగా జ్వరం, గొంతునొప్పి వస్తే వెంటనే తెల్ల రక్తకణాల పరీక్ష చేయించుకోమంటారు. మిరియాల కషాయం తాగి ముసుగుతన్ని పడుకోండి.

4. అయోడిన్ వైద్యానికి ఒప్పుకోక తప్పలేదా? గ్రంథికి ముందే విందు చేయండి. కొన్నాళ్లు అయోడిన్ తక్కువున్న తిండి తినమంటారు. మీరు చందువ చేపల పులుసు, రొయ్యల వేపుడు వండించి, అయోడిన్ ఉప్పు ధారాళంగా వేయించండి. కడుపు నిండిన గ్రంథి రేడియో అయోడిన్ వైపు కన్నెత్తి చూడదు. పోయిన నెల కాంట్రాస్ట్ ఎక్కించి సీటీ స్కాన్ తీశారా? అడిగితే "గుర్తులేదండీ" అనండి. కార్బిమజోల్ కొన్ని రోజుల ముందు ఆపమంటే, ఆ పొద్దున రెండు వేసుకుని వెళ్లండి. మందులు శ్రద్ధగా వాడతారన్న పేరొస్తుంది.

5. మోతాదు వచ్చిన రోజు మీరు రాకండి. మన దేశంలో ఈ రేడియో అయోడిన్‌ను, అంటే అయోడిన్-131ను, ముంబయి ట్రాంబేలోని రియాక్టర్‌లో టెల్లూరియం నుంచి తయారుచేస్తారు. ఎనిమిది రోజులకోసారి అది సగమైపోతుంది, దాచిపెడితే ఆగేది కాదు. కాబట్టి సరిగ్గా ఆ రోజే మేనమామగారి గృహప్రవేశానికి వెళ్లండి. ఫోన్ వస్తే తిరుమలగిరి దగ్గర ట్రాఫిక్‌లో ఉన్నాననండి.

6. ఆడవాళ్లు "గర్భమేమైనా...?" అన్న ప్రశ్నకు అత్తగారి ముందు సిగ్గుపడి "లేదు" అనేయండి. పరీక్ష చేయిద్దామంటే డబ్బు దండగ అనండి. కడుపులోని బిడ్డ థైరాయిడ్ కూడా ఆ అయోడిన్‌ను లాక్కుని పాడైపోతుందన్న సంగతి తర్వాత తీరిగ్గా తెలుసుకోవచ్చు.

7. కళ్లు ఉబ్బుతున్నాయా? నల్లకళ్లద్దాలు కొనండి. సిగరెట్ మాత్రం మానకండి. గ్రేవ్స్‌లో కంటి జబ్బును ముదరబెట్టడంలో దానికి సాటి లేదు.

8. థైరాయిడ్ సంగతి అలా ఉంచి, అదే న్యూక్లియర్ మెడిసిన్‌లో ఎంతకీ తగ్గని జ్వరానికి, ఒంట్లో వాపు ఎక్కడుందో వెతకడానికి పెట్ స్కాన్ రాశారా? ఉపవాసం ఉండమంటారు. మీరు రెండు లడ్డూలు తిని, జిమ్‌లో బరువులెత్తి వెళ్లండి. సూదిలో ఇచ్చిన చక్కెర కండరాల్లోకి పోతుంది, వాపు హాయిగా దాక్కుంటుంది. అందులోని ఫ్లోరిన్-18 110 నిమిషాలకే సగమవుతుంది కాబట్టి దారిలో ఆగి ఇరానీ చాయ్ కూడా తాగండి.

9. అయోడిన్ మింగాక నచ్చిన నియమాలే పాటించండి. కొన్నాళ్లు విడిగా పడుకోవాలి, పసిపిల్లలకు, గర్భిణులకు దూరంగా ఉండాలి, మరుగుదొడ్డిలో రెండుసార్లు నీళ్లు వదలాలి అంటారు. గిన్నెలు తోమాల్సి వస్తే "నా ఒంట్లో రేడియేషన్ ఉంది" అనండి. మనవడి బారసాల అయితే ముందు వరసలో కూర్చుని బిడ్డను ఒళ్లోకి తీసుకోండి. 80 రోజులు గడిస్తే వెయ్యో వంతు కూడా మిగలదన్న లెక్క ఇంట్లో చెప్పకండి. గిన్నెల మినహాయింపును ఏడాది దాకా లాగొచ్చు. ఈలోగా అమెరికాలో అమ్మాయి పురిటికి వెళ్తుంటే, ఆసుపత్రి ఇచ్చిన చీటీ బీరువాలో పెట్టి విమానమెక్కండి. అక్కడి విమానాశ్రయంలో రేడియేషన్ డిటెక్టర్ మోగితే, మీ ఇంగ్లీషులో మీరే వివరించుకోవచ్చు.

10. నయమైందనగానే ఫైలు అటక మీద పడేయండి. అయోడిన్ వైద్యం తర్వాత చాలామందిలో గ్రంథి మందగిస్తుంది, జీవితాంతం థైరాక్సిన్ మాత్ర కావాల్సి వస్తుంది. డాక్టర్లకు అది తెలిసిన సంగతే, అందుకే పరీక్షలకు పిలుస్తారు. వెళ్లకండి. మాత్రను పరగడుపున నీళ్లతో వేసుకోమంటే కాఫీతో, కాల్షియం బిళ్లతో కలిపి మింగండి. కొన్నాళ్లకు అదీ మానేయండి. ఒళ్లు బరువెక్కి, ముఖం ఉబ్బి, కూర్చున్నచోటే నిద్ర ముంచుకొస్తుంది. టీఎస్‌హెచ్ ఇంత ఎందుకు పెరిగిందని డాక్టరు అడిగితే నిట్టూర్చి, "అంతా ఆ రేడియేషన్ వల్లేనండీ" అనండి. చివరిసారి కొన్న మాత్రల డబ్బా సీలు ఇంకా విప్పలేదు కదా, దాన్ని మాత్రం ఇంట్లోనే ఉంచి వెళ్లండి.