పచ్చరంగు పరమవీరులు

జూలూరుపాడు సెంటర్‌లో టీ కొట్టు ముందు ఓ గంట నిలబడితే చాలు, భారత సైన్యం చరిత్ర మొత్తం కళ్లముందు తిరుగుతుంది. తల్లాడ వైపు నుంచి వచ్చే బుల్లెట్ బండి లద్దాఖ్‌లో చైనావాళ్లను తరిమింది. కొత్తగూడెం వైపు నుంచి వచ్చేది 1971లో ఢాకా దాకా వెళ్లొచ్చింది. మూడోది కార్గిల్ కొండెక్కి దిగి, ప్రస్తుతం మిరపతోటకు పురుగుమందు డబ్బాలు మోస్తోంది. ఓనర్ల మాట నమ్మితే అప్పట్లో మన సైన్యంలో జవాన్లకంటే బుల్లెట్లే ఎక్కువ ఉండాలి. వీటిలో ఒక్కటైనా ఏ డిపోలోనో సామాన్లు మోసిన పాపాన పోలేదు. అన్నీ సరిహద్దు బండ్లే.

ఢాకా బండికి సెల్ఫ్ స్టార్ట్ కూడా ఉంది. 1971లో బుల్లెట్ నడిపినవాడికి సెల్ఫ్ అంటే తన కుడికాలే అని ఎవరైనా చెబితే, ‘మిలిటరీ స్పెషల్ అన్నా అది’ అని జవాబు.

అసలు సంగతి లేకుండా ఈ ఆర్మీ బండి పిచ్చి పుట్టలేదు. 1950ల తొలినాళ్లలో సరిహద్దు గస్తీ కోసం మన సైన్యం ఇంగ్లండ్‌లోని రెడిచ్‌లో తయారైన 350 సీసీ బుల్లెట్లను వందల్లో తెప్పించుకుంది. ఆ గిరాకీ చూసే 1955లో మద్రాసులో ఎన్‌ఫీల్డ్ ఇండియా పుట్టింది, తిరువొత్తియూరులో ఫ్యాక్టరీ లేచింది. పనికాలం తీరిన బండ్లను సైన్యం వేలం వేయడమూ నిజమే. అలా వచ్చిన నిజమైన ఆర్మీ బండ్లు మన రెండు రాష్ట్రాల్లోనూ ఉంటాయి. కానీ వాటికి కాగితం ఉంటుంది. మన సెంటర్ బండ్లకు కథ ఉంటుంది.

ఇంతకీ సైన్యంలో మోటార్‌సైకిల్ చేసే పనేమిటో చెబితే మనవాళ్ల మొహాలు వాడిపోతాయి. డిస్పాచ్ రైడర్ అని ఒకాయన ఉంటాడు. సీలు వేసిన కవర్లను ఒక యూనిట్ నుంచి ఇంకో యూనిట్‌కు చేరవేస్తాడు. మిలిటరీ పోలీసు కాన్వాయ్‌కి ముందు దారి చూపిస్తాడు, కూడళ్లలో లారీలను ఆపి పంపిస్తాడు. రెండో ప్రపంచయుద్ధ కాలంలో బీఎస్ఏ ఎం20 బండ్లు 1,26,000 దాకా తయారయ్యాయి. వాటిలో ఎక్కువభాగం బతుకంతా ఇదే పని. టెలిఫోన్ తీగ తెగిన రాత్రి, ముందు లైటుకు ముసుగేసుకుని, గుంతల దారిలో కవరు చేర్చడానికి గుండె కావాలి. మనవాడికి ఆ గుండె చాలదు, బండి మీద మిషన్‌గన్ కూడా కావాలి. ఉత్తరాలు మోసిన బండి అంటే పోస్ట్‌మన్ సైకిల్‌కు అక్క అనుకుంటారని భయం.

ఇక ‘రిస్టోర్’ అనే యజ్ఞం. ఏ పెద్దాయన కొట్టంలోనో, పత్తి బోరేల వెనక, కోళ్లు పొదిగే సీటుతో ఒక పాత బండి దొరుకుతుంది. దొరికిన మర్నాడే దాని పాత సైడ్ బాక్సులు, సీటు స్ప్రింగులు, ఆంపియర్ మీటరు పాత ఇనుము తూకానికి పోతాయి. కుడికాలి గేరు కష్టమని ఎడమకు మార్పిస్తారు. మడమతో తొక్కితే న్యూట్రల్‌లో పడే చిన్న లివర్ ఎందుకో తెలియక కోసి పారేస్తారు. ఆపైన మ్యాట్ పచ్చరంగు, ట్యాంకు మీద స్టెన్సిల్‌తో దొంగ నంబరు, పక్కన పైకి చూసే బాణం గుర్తు, వెనక తూటాల పెట్టె. ఆ పెట్టెలో టిఫిన్ బాక్సు. నక్క పులిని చూసి వాత పెట్టుకుందంటారు, ఇక్కడ వాత పెట్టించుకోవడానికి వేలకు వేలు ఖర్చవుతోంది.

అనుమానం ఉంటే ట్యాంకు అడుగున, ఎవరూ చూడని చోట గోటితో గీకండి. పైన నిన్నటి పచ్చ. దాని కింద నల్లరంగు, బంగారు గీత అంచు. దాని కింద ఎర్ర ప్రైమర్. ఆ కింద ఇనుము. ఆర్మీలో పుట్టిన ట్యాంకైతే ఆ పొరల్లో ఎక్కడో ఒక పాత పచ్చ తగలాలి కదా!

చట్టం సంగతి సరేసరి. కేంద్ర మోటారు వాహనాల నియమాలు, 1989లో 121వ నియమం ఉంది. రక్షణశాఖ బండ్లకు తప్ప ఇంకే బండికీ ఆలివ్ గ్రీన్ వేయకూడదు. ఈ నియమానికి బండి తయారుచేసే కంపెనీయే తలవంచింది. 2018లో రాయల్ ఎన్‌ఫీల్డ్ పారాచూట్ దళాల జ్ఞాపకంగా పెగాసస్ అనే మోడల్ తెచ్చి, ప్రపంచానికి 1,000 బండ్లు చేసి, మనకు 250 ఇచ్చింది. విదేశాలకు పచ్చా గోధుమా రెండూ పంపి, మనకు గోధుమరంగే అమ్మింది. కంపెనీకి దొరకని పర్మిషన్ మన పెయింటింగ్ షాపుకు దొరికింది. అడిగితే ‘ఇది ఆలివ్ కాదన్నా, మెహందీ’.

మా అడవి అంచు ఊళ్లలో ఒకప్పుడు ఆ రంగు బట్టలు రెండు రకాల మనుషులు వేసుకునేవాళ్లు. ఇద్దరిలో ఎవరొచ్చినా తలుపులు పడేవి. ఆ రంగు ట్యాంకును ఆనుకుని ఇవాళ సెల్ఫీలు దిగుతున్నారంటే కాలం మంచిదే.

నవ్వులాటకు అవతల ఒక నష్టం ఉంది. 2021లో వచ్చిన వింటేజ్ వాహనాల నియమాల ప్రకారం, మొదటి రిజిస్ట్రేషన్ నుంచి 50 ఏళ్లు దాటి, ఛాసిస్, ఇంజిన్, బాడీ పెద్దగా మారకుండా ఉన్న బండికే ‘వీఏ’ నంబరు వస్తుంది. ఫీజు 20,000 రూపాయలు. రోజూ తిరగడానికి కుదరదు, ప్రదర్శనలు, ర్యాలీల వంటివాటికి మాత్రమే. అంటే మార్చకుండా ఉంచినవాడికే గౌరవం. మనవాడు ఆ అర్హతను గ్రైండర్‌తో కోసి, దాని మీద ‘ఇండియన్ ఆర్మీ’ అని స్టిక్కర్ అంటించాడు.

అందుకే ఒక మనవి. మీ ఇంట్లో మాజీ సైనికుడైన తాతో బాబాయో వేలంలో కొన్న బండి నిజంగానే ఉంటే, పెయింటర్‌కు ఫోన్ చేయకండి. వేలం రసీదు, పాత ఆర్‌సీ వెతికి ప్లాస్టిక్ కవర్లో పెట్టండి. ఇంజిన్ నంబరు, ఛాసిస్ నంబరు ఫోటో తీసుకోండి. తుప్పుకు కాస్త నూనె రాయండి. ఆ బండి ఏ యూనిట్‌లో, ఎక్కడ, ఏం మోసిందో తాతను కూర్చోబెట్టి అడిగి రాసుకోండి. రేషన్ మూటలే మోసిందని చెప్పినా సరే, రేషన్ మూటలనే రాయండి.