పిల్లోడి పేరు చెప్పి పెద్ద బండి

మన పల్నాడు మాచవరంలో ఎవరైనా రెండో కారు కొంటున్నారంటే కారణం అడగక్కర్లేదు. పిల్లోడి బడి, మన బిజినెస్. మొదటి కారు కొన్నప్పుడు ముసలాయన్ని ఆస్పత్రికి తీసుకెళ్లాలని చెప్పిన నోరే ఇది. ఆ ముసలాయన ఇప్పటికీ పిడుగురాళ్లకు ఆటోలోనే పోతున్నాడు. కారు ఎప్పుడు చూసినా పని మీద ఉంటుంది మరి.

బడి సంగతే చూద్దాం. ప్రైవేటు బడుల పసుప్పచ్చ బస్సులు పొద్దున్నే ఊళ్లోకొచ్చి, హారన్ కొట్టి మరీ పిల్లల్ని ఎక్కించుకుపోతాయి. వాటిలో ఉన్న లోపమల్లా ఒక్కటే: అందరి పిల్లలూ ఎక్కుతారు. మనవాడు అందరిలో ఒకడెలా అవుతాడు? అందుకని కారు. అదీ మామూలు కారు కాదు, ఎస్‌యూవీ. పాతిక కేజీల పిల్లోడు, పది కేజీల పుస్తకాల సంచీ, దానికి కొండలెక్కే బండి!

నిజానికి మనవాళ్లు కొనే ఎస్‌యూవీల్లో చాలావాటిని చట్టం ఎస్‌యూవీ అనదు. నాలుగు మీటర్లకు మించని పొడవు, 1200 సీసీ దాటని పెట్రోలు ఇంజను ఉంటే అది చిన్న కారే. అందుకే 2025 సెప్టెంబరు 22 నుంచి వాటి జీఎస్టీ 28 శాతం నుంచి 18కి దిగింది. పన్ను కట్టేటప్పుడు చిన్న కారు, వీధిలో నిలబెట్టాక పెద్ద బండి.

దానికి సన్‌రూఫ్ కూడా ఉండాలట. వేసవిలో ఎండల మాటొస్తే రాష్ట్రమంతా ముందు తలుచుకునేది మన రెంటచింతలనే. అలాంటి పల్నాడులో నెత్తిన అద్దం పెట్టించుకోడానికి పైడబ్బులు కడుతున్నాం. ఆ తర్వాత దాని కింద తెర లాగి ఏసీ పెంచుతున్నాం. ఇక మిగిలిన ఉపయోగం, పిల్లోడు సీటెక్కి అందులోంచి తల బయటపెట్టడం. పద్నాలుగేళ్ల లోపు పిల్లల్ని బెల్టు గానీ తగిన సీటు గానీ లేకుండా కూర్చోబెడితే వెయ్యి రూపాయల జరిమానా అని 2019లోనే చట్టం సవరించారు. షోరూంలో పిల్లల సీటు గురించి అడిగినవాణ్ణి నేను చూడలేదు. సన్‌రూఫ్ అడగనివాణ్ణీ చూడలేదు.

ఇక బిజినెస్. అంటే గుంటూరు మిర్చి యార్డుకెళ్లి, కమిషన్ కొట్లో టీ తాగి, రేటెంతో కనుక్కుని రావడం. మిర్చి టిక్కీలు లారీలో, మనిషి కార్లో. "బిజినెస్ కింద చూపిస్తే ట్యాక్స్ కలిసొస్తుందండీ" అని షోరూం కుర్రాడు చెవిలో ఊదుతాడు. ఏం కలిసొస్తుంది? పదమూడు మందికి మించి పట్టని బండి మీద కట్టిన జీఎస్టీ, టాక్సీల వంటి కొద్ది మినహాయింపులు తప్ప, వెనక్కి రాదు. ఏడాదికి 15 శాతం తరుగుదల రాసుకోవచ్చు, నిజమే. అది ఆదాయ పన్ను కట్టేవాడికి. సేద్యం రాబడికి పన్నే లేదు కదా, ఆ తరుగుదల దేంట్లోంచి తీస్తావు బావా?

ఆ సేద్యం రాబడి లెక్కా చూద్దాం. 2025 ఫిబ్రవరిలో రేటు కూలినప్పుడు కేంద్రం మిర్చికి క్వింటా 11,781 రూపాయలు ఖరారు చేసింది. ఆ లెక్కన పది లక్షల బండంటే ఎనభై అయిదు క్వింటాళ్ల మిరపకాయలు. కోత కూలీ, పురుగుమందుల బాకీ ఇంకా తియ్యలేదు.

అన్నిటికన్నా ముచ్చటైనది రిజిస్ట్రేషన్. ఉమ్మడి రాష్ట్రంలో 2010లో ఒకే మనిషి పేరున రెండో బండి ఉంటే జీవితకాల పన్ను 12 బదులు 14 శాతం అన్నారు. ఆ రెండు శాతంతో మగమహారాజులకు భార్యల మీద ప్రేమ పొంగుకొచ్చింది. రెండో కారు ఆవిడ పేరునే! ఆర్‌సీలో ఆవిడ, తాళం ఈయన జేబులో, కారు గుంటూరులో. కారొచ్చిందని బస్సు మాన్పించేశారు గనక పిల్లోణ్ణి బడిలో దింపేది కూడా ఆవిడే, స్కూటీ మీద.

కాబట్టి అమ్మా, ఇంట్లో రెండో కారు మాటొస్తే రంగు దగ్గర ఆగిపోకండి. ముందు మీరు లైసెన్సు తీసుకోండి, రెండో తాళం మీ దగ్గర పెట్టుకోండి. ఆ రెండూ కుదరవంటే బస్సు ఫీజు కట్టెయ్యండి. చవక.