సన్నబడే సన్నాహం

మోకాళ్ళ డాక్టరు దగ్గరికి వెళితే ముందు బరువు తగ్గి రండి, ఆ తరవాత చిప్పలు మారుద్దాం అన్నాడు. బరువు తగ్గే దారి చెప్పమని షుగరు డాక్టరును అడిగితే రోజూ గంటసేపు నడవమన్నాడు. నడవడానికి మోకాళ్ళు సహకరించవు బాబూ అంటే, మోకాళ్ళ డాక్టరుకు చూపించుకోమని చీటీ రాసిచ్చాడు. ఏళ్ళ తరబడి హైస్కూల్లో లెక్కలు చెప్పినదాన్ని. ఇలాంటి లెక్క పరీక్షలో ఇస్తే పిల్లలు ప్రశ్నే తప్పని గొడవ చేసి పూర్తి మార్కులు వేయించుకునేవాళ్ళు. నాకు ఆ సదుపాయం లేకపోయింది. అరవై మూడో ఏట బరువు తగ్గించే ఆపరేషన్ల డాక్టరు గది ముందు టోకెను పట్టుకుని కూర్చున్నది అందుకు. అద్దంలో చూసుకుని దిగులు పడి కాదు. అద్దంతో నాకు ఏనాడూ పేచీ లేదు. మా ఇంట్లో ఉన్నది మొహం వరకే కనిపించే అద్దం.

సంగతి బయటికి పొక్కగానే బంధువులు రెండు పార్టీలయ్యారు. నోరు కట్టుకుంటే పోయేదానికి కడుపు కోయించుకోవడమేమిటని ఒక పార్టీ. ఈ వయసులో సన్నబడి ఎవరికి చూపించాలని రెండో పార్టీ. మా తోటికోడలు రెండింట్లోనూ సభ్యురాలు. మా పెద్దాడపడుచుకు మాత్రం వేరే దిగులు పట్టుకుంది. "కడుపు కోసి పిన్నులు కొట్టి మూస్తారటగా, తుప్పు పడితేనో?" అంది. టైటానియం పిన్నులు వదినగారూ, తుప్పు పట్టవు అన్నాను. ఆవిడ కాసేపు ఆలోచించి, "అంత మంచి లోహమా! తరవాత తీసి మనకిచ్చేస్తారా?" అని అడిగింది.

డాక్టరు కుర్రాడే. కాగితం మీద జీర్ణకోశం బొమ్మ గీసి, అందులో మూడొంతులకు పైగా అడ్డంగా కొట్టేసి, మిగిలేది అరటిపండంత గొట్టం అమ్మా అన్నాడు. ఏ అరటిపండు అని అడిగాను. బిత్తరపోయాడు. రావులపాలెం అరటి మార్కెట్టు దగ్గర పుట్టిపెరిగినదాన్ని, అడగనా? అమృతపాణి అయితే ఏదో సర్దుకోవచ్చు. కర్పూరం అయితే అందులో ఏం పడుతుంది? ఆయన నా మొహమూ, మా ఆయన మొహమూ చూసి, "చక్రకేళి అనుకోండి" అని మధ్యేమార్గంగా తేల్చాడు.

కోసి తీసేసే ఆ భాగంలోనే ఆకలి పుట్టించే గ్రెలిన్ అనే హార్మోను ఎక్కువగా తయారవుతుందట. అందుకని కడుపు చిన్నదవడంతో పాటు ఆకలి కూడా మందగిస్తుందట. తిండి తగ్గించి బరువు తగ్గినవాళ్ళలో అయితే శరీరం కరువొచ్చి పడిందనుకుని ఆ గ్రెలిన్‌నే ఇంకా పెంచుతుందట. ఈ ముక్క వినేసరికి నాకు ప్రాణం లేచొచ్చింది. మెంతుల నీళ్ళు తాగాను, కాకరకాయ రసం తాగాను, ఉప్పు లేని కూరలు తిన్నాను, ఊరంతా కొబ్బరినూనె తాగిన రోజుల్లో నేనూ తాగాను. తగ్గిన ప్రతి కిలో వడ్డీతో సహా తిరిగొచ్చింది. ఇన్నేళ్ళూ అది నా నోటి దోషమనుకున్నాను. మా తోటికోడలికి ఫోను చేసి గ్రెలిన్ గురించి చెప్పాను. "ఏమో అక్కా, మాకెవరికీ లేదు అది" అంది.

ఈ వయసులో చేస్తారా బాబూ అని అడిగాను, కాదంటే బాగుండునని కొంత ఆశతోనే. ఒకప్పుడు అరవై, అరవై అయిదు దాటితే వెనకాడేవారట. 2022లో అమెరికా సర్జన్ల సంఘమూ, అంతర్జాతీయ సంఘమూ కలిసి కొత్త మార్గదర్శకాలు రాసి, వయసుకు పైహద్దు అక్కర్లేదన్నాయట. ఏళ్ళు కాదు, మనిషి గట్టిగా ఉన్నాడా లేదా అన్నదే చూడాలిట. ఆ గట్టితనం చూడటానికి చేత్తో నొక్కే యంత్రం ఒకటి ఇచ్చారు. తరతరాల పిల్లల చెవులు పట్టుకున్న చెయ్యి ఇది. నొక్కాను. అక్కడి కుర్రాడు అంకె చూసి, యంత్రాన్ని ఓసారి దులిపి, మళ్ళీ నొక్కమన్నాడు.

అసలు కథ బీమా దగ్గర మొదలైంది. నా ఎత్తు 152 సెంటీమీటర్లు, బరువు 90 కిలోలు, బీఎంఐ 39. ఈ బీఎంఐ లెక్క కట్టినవాడు వైద్యుడేమీ కాదు. క్వెట్లే అనే బెల్జియం ఖగోళ శాస్త్రవేత్త. సగటు మనిషి ఎలా ఉంటాడో తేల్చాలని 1830ల్లో మొదలుపెట్టాడు. చుక్కలు చూసుకునేవాడి చూపు నా నడుము మీద పడటమే నా గ్రహచారం. మన ఆసియా వాళ్ళకు తక్కువ బరువులోనే పొట్ట, షుగరు వస్తాయి కాబట్టి 27.5 దాటితే చాలు, ఆపరేషన్ సంగతి ఆలోచించవచ్చని ఆ 2022 కాగితమే చెబుతోంది. ఆ లెక్కన నాకు డిస్టింక్షను. కానీ మన దేశంలో బీమా షరతు వేరు. 40 ఉండాలి; లేదా 35 ఉండి, దాంతో పాటు గుండెజబ్బో, తీవ్రమైన స్లీప్ ఆప్నియానో, అదుపులో లేని షుగరో ఉండాలి. మామూలు పద్ధతులన్నీ విఫలమై ఉండాలి కూడా. విఫలం కావడంలో నాకు ఎవరూ సాటిరారు. షుగరు మాత్రం, మాత్రలు వేళకు వేసుకున్న పాపానికి, అదుపులో ఉంది.

మా ఆయన కాగితం మీద లెక్క వేశాడు. "ఇంకో రెండున్నర కిలోలు పెరిగితే నలభై దాటుతావే" అన్నాడు. పెళ్ళయిన దగ్గర్నుంచీ నా బరువు గురించి ఆయన ఇంత ఆశగా మాట్లాడింది లేదు. సాయంత్రానికి తాపేశ్వరం కాజాల పెట్టె బల్ల మీద ఉంది. ఆపరేషనుకు ముందు ఎంత తగ్గితే అంత మంచిదని ఆసుపత్రిలో డైటీషియన్ అమ్మాయి, ఎంత పెరిగితే అంత లాభమని ఇంట్లో మా ఆయన. తగ్గితే బీమా రాదు, పెరిగితే మత్తు డాక్టరు ఒప్పుకోడు. ఆ పెట్టె మధ్యలో అనాథలా ఉండటం చూడలేక మా మనవడు దాని పని చూశాడు.

చివరికి ఆదుకుంది గురక. నిద్ర పరీక్ష అని తలకూ గెడ్డానికీ తీగలు అతికించి, ఛాతీ చుట్టూ పట్టీ బిగించి, వేలికి క్లిప్పు పెట్టి, ఇప్పుడు ఎప్పటిలాగే హాయిగా నిద్రపోండి అన్నారు. నిద్రలో గంటకు 30 సార్లు గానీ అంతకు మించి గానీ ఊపిరి ఆగినా, సన్నగిల్లినా తీవ్రం కింద లెక్క. ఒకవేళ ఆ రాత్రి నేను మర్యాదకు పోయి గురక పెట్టకపోతే ఎలాగని మా ఆయన ముందుజాగ్రత్తగా ఇంట్లోనే ఫోనులో రికార్డు చేసుకొచ్చాడు. రిపోర్టులో 34 వచ్చింది. గంటకు 34 సార్లు భార్యకు ఊపిరి అందడం లేదని విని "హమ్మయ్య" అన్న భర్తను ఆ డాక్టరు మొదటిసారి చూసి ఉంటాడు. ఆపరేషను దాకా రోజూ రాత్రి ముక్కుకు మాస్కు పెట్టుకుని, గాలి ఊదే మిషనుతో పడుకోమన్నారు. ఇల్లు నిశ్శబ్దమైపోయింది. ఆ నిశ్శబ్దానికి ఉలిక్కిపడి లేచి మా ఆయన నన్ను తట్టి చూస్తున్నాడు.

ఎండోస్కోపీ, ఎకో, స్కానింగు, థైరాయిడ్, బీ12, డీ విటమిన్... చివరికి మనసు కూడా బాగుందో లేదో చూడాలని సైకాలజిస్టు దగ్గరికి పంపారు. నెమ్మదైన అమ్మాయి.

"కోపం వచ్చినప్పుడు తింటారా అమ్మా?"

"లేదమ్మా. కోపం వస్తే వండుతాను."

"మరి అవన్నీ ఎవరు తింటారు?"

మా ఆయన చెయ్యెత్తాడు.

ఆపరేషన్ తరవాత మీకు కష్టం అనిపించేది ఏమిటని అడిగింది. ఆకలి కాదమ్మా, వడ్డించేవాళ్ళు అన్నాను. మా గోదావరి జిల్లాల్లో "చాలు" అంటే ఎవరూ ఆగరు. విస్తరి మీద రెండు చేతులూ అడ్డం పెట్టడం ఒక ముద్ర. వేళ్ళ సందుల్లోంచి నెయ్యి పోయడానికి అది అనుమతి. ఒంట్లో బాగా లేదంటే చారు పోస్తారు. డాక్టరు వద్దన్నాడంటే డాక్టర్లు అలాగే అంటారంటారు. మా పిన్నత్తగారైతే వద్దన్నవాళ్ళ విస్తట్లో ముందు వడ్డించి, తరవాతే కారణం అడిగేది. నేను మాత్రం తక్కువ తిన్నానా, నా చేత్తో తక్కువ వడ్డించానా? అల్లుడు మొదటి పండక్కొచ్చి పూర్ణం బూరెలు చాలన్నప్పుడు నేను వినిపించుకున్నట్టు గుర్తులేదు. ఆ అమ్మాయి నాచేత "చాలు" అని అనిపించి, గట్టిగా అనండి, నవ్వకుండా అనండి అని సాధన చేయించింది. వడ్డించే పాత్ర మా ఆయనది. ఊరికే నిలబడి ఉత్త గరిటె ఆడించడానికి ఆయన అంత బాగా పనికొస్తాడని నాకు తెలియదు.

డైటీషియన్ దగ్గర ఇంకో రిహార్సలు. ముద్ద ఇరవై, ముప్ఫై సార్లు నమలాలి. తింటూ నీళ్ళు తాగకూడదు; తిన్నాక అరగంట ఆగాలి. ఆపరేషన్ అయిన కొత్తలో ఏదైనా 30 మిల్లీలీటర్లు, దగ్గుమందు మూతతో కొలుచుకుని, గుటక గుటకగా. కాఫీ కూడానా అని అడిగితే, కాఫీ సంగతి తరవాత చూద్దాం ఆంటీ అంది. ఆ "తరవాత" ఎలాంటిదో నాకు తెలుసు. పిల్లలు గ్రౌండుకు పంపమంటే నేను వాడిన మాటే. విటమిన్ మాత్రలు జీవితాంతం. మూడు బంతులున్న ప్లాస్టిక్ డబ్బా ఒకటిచ్చి, గొట్టంలోంచి గాలి పీల్చి బంతులు పైకి లేపమన్నారు, ఊపిరితిత్తుల బలానికి. అది ఇంటికి రాగానే మనవడి ఆటవస్తువై, నాకు దొరికినప్పుడే నా ఊపిరి.

ఆపరేషనుకు ముందు రెండు వారాలు కాలేయానికి పథ్యం. కాలేయం ఎడమ భాగం సరిగ్గా కడుపు మీద కప్పుకుని ఉంటుంది. నాలాంటివాళ్ళకు అది కొవ్వు పట్టి బరువుగా ఉంటే, చిన్న చిన్న రంధ్రాల్లోంచి పనిముట్లు పెట్టి దాన్ని పైకెత్తి పట్టడం కష్టం. అన్నం, చక్కెర, నూనె ఆపేసి ప్రొటీన్ పొడి, పల్చటి మజ్జిగ, సూపులతో గడిపితే ఆ రెండు వారాల్లోనే అది కుంచించుకుపోతుందట. నా కాలేయం కుంచించుకోవడానికి ఎంచుకున్న నెల శ్రావణం. వీధిలో ప్రతి ఇంటి నుంచీ వాయనం. బూరెలు మనవడికి, అరటిపళ్ళు మా ఆయనకు. నానబెట్టిన శనగలు ప్రొటీనే కదా అని డైటీషియన్‌కు ఫోను చేశాను. ఎన్ని ఉన్నాయి ఆంటీ అని అడిగింది. ఎదురుగా ఉన్న స్టీలు క్యారేజీని చూసి, ఫోను పెట్టేశాను.

నాలుగు కిలోలు తగ్గాను. కాలేయం సంతోషించింది, సర్జను సంతోషించాడు. బీమా కంపెనీ ఉత్తరం రాసింది: శస్త్రచికిత్స లేకుండానే బరువు తగ్గుతున్నట్టు రికార్డుల్లో కనబడుతున్నది కాబట్టి, శస్త్రచికిత్స అవసరమేమిటో వివరించవలసింది.

మా ఆయన మండల రెవెన్యూ ఆఫీసులో ఫైళ్ళు నడిపిన మనిషి. కళ్ళజోడు తుడుచుకుని, ముందు తెలుగులో చిత్తు రాస్తానని కూర్చున్నాడు.

"ఆర్యా, విషయము: నా భార్య బరువు 4 కిలోలు తగ్గుట గురించి సంజాయిషీ. పై విషయమై తమరికి విన్నవించునదేమనగా, సదరు బరువు ఆమె స్వయముగా తగ్గించుకొన్నది కాదు. ఆసుపత్రి వారి ఆదేశముల మేరకు, కాలేయము నిమిత్తము, తాత్కాలిక ప్రాతిపదికన తగ్గించబడినది. అది త్వరలోనే యథాస్థానమునకు చేరగలదని గత అనుభవము దృష్ట్యా ఇందుమూలముగా ధ్రువీకరించుచున్నాను. జతపరచినవి: 1. నిద్ర పరీక్ష రిపోర్టు. 2. గురక రికార్డు."

"ఏవండీ, ఆ రెండోది కొట్టెయ్యండి" అన్నాను.

"అదే మనకున్న బలమైన సాక్ష్యం" అని, దాని కింద 3 వేసి, ప్రత్యక్ష సాక్షి వాంగ్మూలం రాయడం మొదలుపెట్టాడు.