కేరల్స్ అంకుల్

డిసెంబరు మొదటి ఆదివారం ఆరాధన ముగిసీ ముగియకముందే, చేతిలో నోటుబుక్కుతో చర్చి గుమ్మానికి అడ్డంగా నిలబడతారు చూడండి, ఆయనే కేరల్స్ అంకుల్. ఢిల్లీ, నోయిడా, గుర్గావ్, ఘజియాబాద్... తెలుగువాళ్లు ఆరాధనకు కూడే చోటల్లా ఈ బాపతు మనిషి ఒకరుంటారు. కేంద్ర ప్రభుత్వ కొలువులో రిటైరై ఉంటారు. దీపావళికి చుట్టిన మఫ్లరు హోలీకి గానీ విప్పరు.

"ప్రేమ పంచాలి బ్రదర్, ప్రేమ! మీ ఇంటికి ఎప్పుడు రమ్మంటారు? పదహారు నిండిపోయింది. పద్దెనిమిది రాత్రి ఎనిమిదీ నలభై నుంచి తొమ్మిదీ అయిదు దాకా ఖాళీ ఉంది, రాసేసుకోనా?"

ఆయన ప్రేమకు టైమ్‌టేబుల్ ఉంది. అది మెట్రో బ్లూ లైన్ మీద నడుస్తుంది. ద్వారకలో మొదలెట్టి, కరోల్ బాగ్‌లో సివిల్స్ కోచింగు కుర్రాళ్లను డప్పులతో సహా ఎక్కించుకుని, మయూర్ విహార్‌లో పాడి, నోయిడాలో ప్రార్థన ముగించి, ఆఖరి రైలు అందుకోవాలి. ఊళ్లో కేరల్స్ అంటే తెల్లవార్లూ తిరగడమే. ఇక్కడ రాత్రి పది దాటితే మైకు పెట్టనివ్వరు. అందుకని ఎవరి ప్రార్థనైనా మూడు నిమిషాలు మించితే అంకుల్ దగ్గుతారు. అది కాలుష్యం దగ్గు కాదని అందరికీ తెలుసు.

ఆయన బృందంలో గుంటూరు లూథరన్లు, ఒంగోలు బాప్టిస్టులు, మెదక్ సి.ఎస్.ఐ. వాళ్లు, ఏ ఊరి పెంతెకొస్తు వాళ్లైనా సరే, ఉంటారు. అక్కడ ఎవరి చర్చి వాళ్లదే. ఇక్కడ అందరిదీ ఒకటే డప్పు. చిక్కల్లా రాగాల దగ్గర వస్తుంది. ఆంధ్ర క్రైస్తవ కీర్తనల పుస్తకంలో చాలా పాటలకు రాగం, తాళం అచ్చువేసే ఉంటాయి. అయినా "మా ఊళ్లో ఇలా పాడరండీ" అని ఎవరో ఒకరు అననే అంటారు. పల్లవి గుంటూరు వరసలో, చరణాలు ఒంగోలు వరసలో అని అంకుల్ తీర్పిస్తారు. సమాధానం కుదురుతుంది, పాట మాత్రం కుదరదు.

2011 జనాభా లెక్కల ప్రకారం ఢిల్లీలో క్రైస్తవులు నూటికి ఒకరు కూడా లేరు. అంకుల్‌కు ఇది బెంగ కాదు, వెసులుబాటు. ఇతరులతో పంచుకోవాలంటే ఇతరుల కోసం వెతుక్కోనక్కర్లేదు, తలుపు తీస్తే చాలు. పైగా పంచడంలో ఆయనకు శాస్త్రం ఉంది. ఎదురింటి జైనులకు గుడ్డు లేని కేకు. పెట్టె మీద పచ్చచుక్క ఉందో లేదో కళ్లజోడు పెట్టుకుని మరీ చూస్తారు. 2018లో క్రిస్మస్ మంగళవారం వచ్చింది. మంగళవారం మాంసం ముట్టని ఇరుగుపొరుగు కోసం భోజనాలు బుధవారానికి మార్చేశారు. "ప్రభువు పుట్టుకను ఆపలేం గానీ బిర్యానీని ఆపలేమా?" అన్నారు.

సొసైటీ గేటు దగ్గర మరో పరీక్ష. ఫోన్ యాప్‌లో అతిథి, క్యాబ్, డెలివరీ అని మూడే గడులున్నాయి. సాంటా టోపీలు, డప్పులు, గిటారు చూసి గార్డు కాసేపు ఆలోచించి 'డెలివరీ' నొక్కాడు. కుర్రాళ్లు గొణిగారు. అంకుల్ మాత్రం "శుభవార్త మోసుకొచ్చాం, డెలివరీయే కదరా" అని ముందుకు నడిచారు. తిరిగి వెళ్లేటప్పుడు ఆ గార్డు చేతిలో రెండు అరిసెలు పెట్టారు. బిహారీ గార్డు కొరికి చూసి, "ఇది మా అనర్సాయే, అంకుల్‌జీ" అన్నాడు. కాదు, మా గోదావరి జిల్లా సరుకు అని అంకుల్ వాదనకు దిగి, అతని కళ్లలో ఇల్లు కనబడేసరికి మరో రెండు పెట్టి ఊరుకున్నారు.

పండగ రోజు సాయంత్రం ఆయన గోల్ డాక్ ఖానా దగ్గర సేక్రెడ్ హార్ట్ కథీడ్రల్ ముందు కనబడతారు. అక్కడి వరసలో క్రైస్తవుల కంటే సెల్ఫీల కోసం వచ్చినవాళ్లే ఎక్కువ. వాళ్ల మీద విసుక్కునే పెద్దలున్నారు. అంకుల్ విసుక్కోరు, పాఠం చెబుతారు. దీన్ని గీసింది హెన్రీ మెడ్ అనీ, నార్త్ అవెన్యూ వైపున్న రిడెంప్షన్ చర్చి కూడా ఆయనదేననీ మొదలెడతారు. వినేవాడి కొవ్వొత్తి సగం కరిగేదాకా వదలరు.

ఈయనకు శత్రువులు లేరనుకోకండి. కింది ఫ్లాటు పంజాబీ పెద్దాయనతో పార్కింగు తగాదా పదకొండు నెలలూ నడుస్తుంది. కానీ ఇరవై నాలుగు రాత్రి మొట్టమొదటి డబ్బా వెళ్లేది ఆ గుమ్మానికే. ఇద్దరూ కావలించుకుంటారు. ఇరవై ఆరు పొద్దున ఆ కారు మళ్లీ అంకుల్ చోటులోనే ఉంటుంది. "పోనీలెండి, జనవరిలో చూసుకుందాం" అంటారు ఆంటీతో. నవ్వుకుంటాం గానీ, ఫ్లాటు నంబరు తప్ప పేరు తెలియని మన సొసైటీల్లో వారం రోజుల శాంతి తక్కువేం కాదు. దాన్ని ఏటా, ఎవరూ అడగకుండా, మోకాళ్ల నొప్పులతో మెట్లెక్కి తెచ్చేది ఈయనొక్కరే.

కాబట్టి ఈసారి ఆయన గంట కొడితే తలుపు తీయండి. పాట బాగుందని అబద్ధమాడినా పాపం లేదు. ఒక్కటి మాత్రం గుర్తుంచుకోండి. ఏడు డెబ్బైల సార్లు క్షమించమన్న బోధను ఆయన అన్నిటికీ పాటిస్తారు, స్టీలు డబ్బాలకు తప్ప. డబ్బా అడుగున గోళ్లరంగుతో ఇంటిపేరు రాసి ఉంటుంది. సంక్రాంతిలోపు తిరిగి ఇచ్చేయండి.