నరకానికి సన్నాహక తరగతులు

అమెరికా నౌకాదళంలోని ప్రత్యేక పోరాట దళమైన సీల్స్‌లో చేరగోరే యువకుడు మొట్టమొదట దాటవలసిన శారీరక పరీక్ష కాగితం మీద చూస్తే అంతగా భయపెట్టదు. 500 గజాలు, అంటే సుమారు 457 మీటర్లు, పన్నెండున్నర నిమిషాలలో ఈదాలి. రెండు నిమిషాలలో 50 దండీలు తీసి, మరో రెండు నిమిషాలలో వెల్లకిలా పడుకుని 50 సార్లు లేచి, బీముకు వేలాడి గడ్డం దానిపైకి వచ్చేలా 10 సార్లు ఒంటిని లాగి, చివరకు ఒకటిన్నర మైలు పదిన్నర నిమిషాలలో పరుగెత్తాలి. ఇవి కనీస అర్హతలేననీ, నిజంగా చోటు దక్కాలంటే అంకెలు ఇంతకంటే చాలా మెరుగ్గా ఉండాలనీ ఆ దళమే చెబుతుంది. ఈ ఐదు అంకెల చుట్టూ కొన్ని దశాబ్దాలుగా ఒక శాస్త్రం, ఒక అంగడి, ఒక మతం పెరుగుతూ వచ్చాయి. శాస్త్రానికి చదువరులు కొద్దిమందే గాని, మతానికి భక్తులూ అంగడికి ఖాతాదారులూ ఏనాడూ కరవు కాలేదు.

అసలు ఎంపిక కాలిఫోర్నియా తీరంలోని కొరొనాడోలో 24 వారాల పాటు సాగుతుంది. దానిని క్లుప్తంగా బడ్స్ అంటారు. నీటి అడుగున అడ్డంకులను పేల్చివేసే విద్యలో ప్రాథమిక శిక్షణ అన్నది ఆ పొడి అక్షరాలలో ఇమిడిన భావం. కసరత్తులు చేయించే గట్టినేల ఆవరణకు గ్రైండర్ అని పేరు. ఆ మాట వినగానే తెలుగు పాఠకునికి ఇడ్లీపిండి స్ఫురించడం సహజమే గాని, అక్కడ నలిగేది మినపపప్పు కాదు. సముద్రంలో ముంచి, తడిబట్టలతోనే ఒడ్డున దొర్లించగా ఒళ్లంతా ఇసుక పట్టిన అభ్యర్థిని పంచదార బిస్కెట్ అని ముద్దుగా పిలుస్తారు. నువ్వులద్దిన అరిసెను ఎరిగినవారికి ఈ పోలిక ఇంకా బాగా బోధపడుతుంది. మొదటి అంచెలో వచ్చే నరక వారం ఆదివారం సాయంత్రం మొదలై శుక్రవారంతో ముగుస్తుంది; ఆ ఐదున్నర రోజులలో దొరికే నిద్ర మొత్తం కూడితే సుమారు నాలుగు గంటలు, పరుగు కూడితే 200 మైళ్ల పైమాట. రబ్బరు పడవ నెత్తిమీద ఉంటుంది, దుంగ భుజం మీద ఉంటుంది, రెండూ లేనప్పుడు అల ముఖం మీద ఉంటుంది. చేరినవారిలో సాధారణంగా నూటికి డెబ్బై మందికి పైగా చివరిదాకా నిలవరు.

ఈ వారానికి మూలపురుషుడైన డ్రేపర్ కాఫ్‌మన్ చరిత్ర సన్నాహాల వ్యాపారులకు ఏమంత ఉపయోగపడేది కాదు. 1933లో నావికా అకాడమీ నుంచి పట్టా పుచ్చుకున్న ఆయనను, చూపు చాలదన్న కారణంగా నౌకాదళం అధికారిగా తీసుకోలేదు. ఫ్రాన్సులో అంబులెన్సు నడిపి, జర్మన్ల చేత చిక్కి, విడుదలయ్యాక బ్రిటిష్ నౌకాదళంలో చేరి పేలని బాంబులను నిర్వీర్యం చేసే పని నేర్చిన తరువాత గాని ఆయన విలువ స్వదేశపు నౌకాదళానికి తెలిసిరాలేదు. 1943లో ఫ్లోరిడాలోని ఫోర్ట్ పియర్స్ వద్ద, శత్రుతీరంలోని అడ్డంకులను కూల్చే దళాలను తయారుచేసే బాధ్యత మీద పడినప్పుడు, మరో దళం ఎనిమిది వారాలు చేయించే కసరత్తును ఆయన ఒక్క వారంలోకి కుదించి, అభ్యర్థులతో పాటు తానూ అందులోకి దిగాడు. శరీర పరీక్షలో పనికిరాడని తేలిన మనిషి పెట్టిన శరీర పరీక్ష ఇది. అందులో ఆయన వెతికినది కండరాల కొలత అయి ఉంటే, సరంజామా అంతా కొలబద్దలతో సరిపోయేది, వారం రోజుల జాగారం అక్కరలేకపోయేది.

అయితే నేటి వ్యవస్థకు సన్నాహం మీద కాఫ్‌మన్‌కు లేని గురి ఉంది. సామాన్య నావికునిగా చేరే అభ్యర్థి ఐదంకెల పరీక్ష దాటి, నావికులందరికీ ఇచ్చే ప్రాథమిక శిక్షణ ముగించి, ఆపైన ఇల్లినాయ్ రాష్ట్రంలోని గ్రేట్ లేక్స్ వద్ద నౌకాదళమే నడిపే సన్నాహక పాఠశాలలో చేరి, అక్కడినుంచి కొరొనాడో వెళ్లి, అక్కడ పరిచయ శిక్షణ పేరిట మరికొంత సన్నాహం పొందాక గాని అసలు మొదటి రోజును చూడడు. ప్రభుత్వమే ఇన్ని మెట్లు కడితే ప్రైవేటు మేధ ఊరుకోదు గనుక, మొదటి మెట్టుకు ముందు సున్నా మెట్టూ, దానికి ముందు రుణ మెట్లూ వెలిశాయి: పరీక్షకు సన్నాహం, సన్నాహానికి సన్నాహం, సన్నాహం మొదలుపెట్టే మనఃస్థితికి సన్నాహం. ఆరో తరగతి పిల్లవాడికి ఐఐటీ ఫౌండేషన్ పేరుతో లెక్కలు రుద్దే ఊళ్లలో పెరిగినవారికి ఈ మెట్ల నిర్మాణం కొత్తగా అనిపించదు. ఆలు లేదు, చూలు లేదు, కొడుకు పేరు సోమలింగం అన్న సామెతను అక్కడివారు ఇంకా ఎందుకు కనిపెట్టలేదన్నదే ఆశ్చర్యం.

ఇందులో చేదైన హాస్యం ఏమిటంటే, సన్నాహం ఎలా చేయాలో నౌకాదళం ఒక చిన్న పుస్తకంలో 26 వారాల ప్రణాళికగా ఉచితంగానే ఇచ్చింది. అందులో పరుగును మూడు తీరులుగా విభజించారు: మాట్లాడుతూ పోగలిగినంత నెమ్మదిగా సాగే దూరపు పరుగు, ఆగకుండా పదిహేను ఇరవై నిమిషాలు గట్టిగా పరుగెత్తడం, మధ్యమధ్య విరామమిస్తూ చిన్న దూరాలను వేగంగా దాటడం. ఎముకలూ స్నాయువులూ, అంటే కండను ఎముకకు బిగించే నారలూ, కండరాలంత త్వరగా గట్టిపడవు గనుక దూరాన్ని వారం వారం కొద్దికొద్దిగానే పెంచాలి. తొందరపడితే మోకాలి కిందిఎముకలో సన్నని చీలికలు వస్తాయి. సన్నాహపు సారం ఇంతే, కాని దీనిని అమ్మడం ఎవరి తరమూ కాదు. పక్కవాడితో కబుర్లాడుతూ నెమ్మదిగా పరుగెత్తమని చెప్పే గురువుకు దక్షిణ ఎవరిస్తారు? ఊరికే వచ్చిన మందు పథ్యం లేనిదవుతుందని నమ్మే రోగిలా, సాధకుడు ఆ పుస్తకాన్ని పక్కనపెట్టి, డబ్బు పుచ్చుకుని వాంతి చేయించే ప్రణాళిక కోసం వెతుకుతాడు.

ఆ వెతుకులాటలో అతని దినచర్య క్రమంగా యజ్ఞరూపం దాలుస్తుంది. తెల్లవారుజామున నాలుగున్నరకు లేస్తాడు. ఆ వేళకే లేచే పాలవాడు తన క్రమశిక్షణ గురించి ఎవరికీ చెప్పడు గాని, ఇతడు చెబుతాడు. మణికట్టు గడియారం రాత్రి ఎంత నిద్ర పట్టిందో, అందులో గాఢనిద్ర ఎంతో, దానినిబట్టి నేడు కష్టపడవచ్చో లేదో తేల్చి చెబుతుంది. ఐదున్నర రోజులలో నాలుగు గంటలు నిద్రపోయే వారానికి సిద్ధమవుతున్న మనిషి, ఏడు గంటలకు ఇరవై నిమిషాలు తగ్గిందన్న గడియారపు తీర్పును శిరసావహించి ఆనాటి కసరత్తును రద్దు చేసుకుంటాడు. పెరట్లో మంచుతొట్టి, అందులో తేలే ఉష్ణమాపకం, గట్టున మూడు నిమిషాలకు కూసే టైమరు ఉంటాయి. కాళ్లు ముందు పెట్టి, ఊపిరి లెక్కించి, మెడదాకా మునిగి, టైమరు కూయగానే లేచి వేడి కాఫీ తాగే ఈ మనిషికీ, పసిఫిక్ అలల్లో చేయీ చేయీ పట్టుకుని పడుకుని ఎప్పుడు లేవమంటారో తెలియక వణికే మనిషికీ మధ్య ఉన్న తేడా నీటి చల్లదనంలో లేదు, ఈల ఎవరి చేతిలో ఉందన్న దానిలో ఉంది. ఆ ఈలను ఇంతవరకు ఏ అంగడీ అమ్మకానికి పెట్టలేదు. పెడితే దానిని కూడా కొనుక్కుని తన జేబులోనే ఉంచుకుంటాడనడంలో సందేహం లేదు.

ఈ వేషాలన్నీ నవ్వులాటగానే ముగియవు. నీటి అడుగున 50 మీటర్లు ఈదడం శిక్షణలో భాగం కావడంతో కొందరు తోడెవరూ లేకుండా కొలనులో ఊపిరి బిగబట్టి సాధన చేస్తారు. ఊపిరి పీల్చుకోవాలన్న ఆరాటం ప్రధానంగా రక్తంలో బొగ్గుపులుసు వాయువు పెరగడం వల్ల పుడుతుంది. ముందుగా గబగబా దీర్ఘంగా శ్వాసించిన వానిలో ఆ వాయువు తగ్గిపోయి, ప్రాణవాయువు అడుగంటినా శరీరం హెచ్చరించకపోవడంతో, అతడు ఈదుతూనే స్పృహ తప్పుతాడు. అలాగే అలవాటు లేని శరీరాన్ని ఒక్కసారిగా వందల బస్కీలకు గురిచేస్తే కండరాల కణాలు చితికి, వాటిలోని పదార్థాలు మూత్రపిండాలను దెబ్బతీసే రాబ్డోమయోలిసిస్ అనే స్థితి ఏర్పడుతుంది. మూత్రం కాఫీ డికాక్షన్ రంగుకు తిరగడం దాని గుర్తు. వ్యవస్థ కూడా ఈ లెక్కలో నిర్దోషి కాదు. 2022 ఫిబ్రవరిలో నరక వారం పూర్తిచేసిన ఒక అభ్యర్థి కొన్ని గంటలకే న్యుమోనియాతో మరణించగా, వైద్య పర్యవేక్షణలోనూ శిక్షణ నిర్వహణలోనూ లోపాలున్నాయని నౌకాదళం జరిపిన విచారణే తేల్చింది; కండలు పెంచే నిషిద్ధ మందుల కోసం అభ్యర్థులను విస్తృతంగా పరీక్షించడమూ ఆ తరువాతే మొదలైంది. ఐదంకెలకు అంతటి పూజ జరిగే చోట మందులు ప్రసాదంగా మారడం చూసి పూజారులు మాత్రమే నివ్వెరపోయారు.

వదిలివెళ్లదలచిన అభ్యర్థి గ్రైండర్ మీద వేలాడే ఇత్తడి గంటను మూడుసార్లు మోగించి, తన శిరస్త్రాణాన్ని దాని దగ్గర వరుసలో పెట్టి వెళ్లిపోతాడు. కారణం ఎవరూ అడగరు, సంజాయిషీ రాసివ్వనక్కరలేదు. ప్రపంచంలో ఏ ప్రభుత్వ శాఖలోనూ రాజీనామా ఇంత సులువుగా ఆమోదం పొందదు. ఆ గంటకూ ఇప్పుడు నకళ్లు అమ్ముతారు. పెరటి సాధకుడు ఒకటి తెచ్చి వంటింటి గుమ్మం పక్కన తగిలించి, దానిని తాను జన్మలో ముట్టనని ఇంటిల్లిపాదికీ ప్రకటిస్తాడు. మాట తప్పడు కూడా. రాత్రి భోజనం వేళకు పిల్లలు దానిని మూడుసార్లు మోగిస్తారు. అతడు టైమరు ఇంకా కూయకుండానే తొట్టిలోంచి లేచి తువ్వాలు వెతుక్కుంటాడు.