మరచెంబు చెప్పిన మజిలీలు

నేను ఇత్తడి మరచెంబుని. పుట్టింది శ్రీకాకుళం జిల్లా బుడితిలో. రాగీ తుత్తునాగమూ కలిసి కరిగి, మట్టి అచ్చులోకి పారి, చల్లారి, సాన పట్టించుకున్నాక నా మెడకి మర కోశారు. అన్ని చెంబులకీ నోరుంటుంది. దాన్ని బిగించి మూసుకోవడం నాకొక్కదానికే వచ్చు. అందుకే మిగతావి వంటింట్లో ఉండిపోతే నేను దారి పట్టాను.

పెళ్ళిసారెలో రావికమతం వచ్చాను. ఆనాటి పెళ్ళికూతురే ఇప్పుడు ఆ ఇంటి మామ్మ. నా పొట్టమీద చెక్కిన ఆవిడ పేరులో రెండక్షరాలు అరిగిపోయాయి. ఆవిడ మోకాళ్ళూ అరిగాయి. అయినా ఇద్దరం ప్రయాణం మానలేదు.

మామ్మగారి పెనిమిటి బడిపంతులు. ఏనుగుల వీరాస్వామయ్య కాశీయాత్ర చరిత్ర ఆయనకి ప్రాణం. అరుగుమీద కూర్చుని పైకి చదివేవారు, పక్కన నేను. 1830 మే 18న చెన్నపట్నంలో బయలుదేరిన వీరాస్వామయ్య 1831 సెప్టెంబరు 3న తిరిగి ఇల్లు చేరాడు. పదిహేను నెలల పదిహేను రోజులు, వెంట కుటుంబం, పరివారం. మజిలీ చేసిన ఊళ్ళలో దిగడానికి చోటుందా, నీళ్ళు ఎలాంటివి, సరుకులు దొరుకుతాయా అని రాసుకుంటూ వెళ్ళాడు. "చూశావా, పల్లకీలో వెళ్ళేవాడు కూడా ముందు నీళ్ళ సంగతే అడిగాడు" అనేవారు పంతులుగారు. ఆ మాట మామ్మ చెవిలోనూ పడింది, నా కడుపులోనూ పడింది.

దాని అర్థం మాకు 1980ల్లో ఒక వేసవిలో తెలిసింది. అద్దె అంబాసిడర్‌లో అరకు బయలుదేరాం. వంటలూ సర్దుళ్ళూ అయ్యేసరికి మధ్యాహ్నం దాటింది. మాడుగులలో హల్వా కొనడానికి ఇంకో గంట. ఘాట్ ఎక్కడం మొదలుపెట్టాక నాలుగో మలుపులో బానెట్ కింద నుంచి ఆవిరి లేచింది. డ్రైవరు వెంటనే మూత తియ్యలేదు. ఇంజిన్ చల్లారేదాకా కూర్చోబెట్టి, తడిగుడ్డ వేసి మూత మెల్లగా తిప్పాడు. తరవాత ఇంజిన్ నడుస్తుండగా నన్ను వంచి కొద్దికొద్దిగా నీళ్ళు పోశాడు. నేను ఆఖరి చుక్క దాకా రేడియేటర్‌కే ఖర్చయిపోయాను. అప్పుడు ఆరేళ్ళ కొడుకు మామ్మ కొంగు లాగి నీళ్ళడిగాడు.

పంతులుగారు నన్ను పట్టుకుని రాళ్ళమీదుగా గెడ్డలోకి దిగారు. చీకటి కమ్ముతోంది. కాలు జారితే పట్టుకోవడానికి కొమ్మలు తప్ప ఏమీ లేవు. నన్ను నింపుకుని ఆయన పైకి వచ్చేసరికి పిల్లవాడు ఏడ్చి ఏడ్చి నీరసపడిపోయాడు. తల పైకెత్తి, నన్ను పెదవులకి తగలకుండా ఎత్తి పట్టుకుని, ఊపిరి కూడా తీసుకోకుండా గుటగుటా తాగాడు. ఆ రాత్రి అరకు మాట ఎవరూ ఎత్తలేదు. పాడేరులో తెలిసిన మాస్టారింట్లో పడుకున్నాం. డ్రైవరు వెళ్ళిపోయేముందు మామ్మతో, "ఎక్కిన గేరులోనే దిగాలమ్మా, ఎలుతురుండగానే ఆగాల" అన్నాడు.

ఆ పిల్లవాడికి ఇప్పుడు నలభై దాటాయి. సొంత కారుంది, పదో తరగతి చదివే కూతురుంది. పంతులుగారు లేరు. మొన్న సంక్రాంతి వెళ్ళాక మళ్ళీ కొండలు చుట్టి రావాలనుకున్నారు. కొత్తకోట, రోలుగుంట, నర్సీపట్నం మీదుగా లంబసింగి ఎక్కి, చింతపల్లి, పాడేరు, అరకు చూసుకుని, అనంతగిరి ఘాట్‌లో శృంగవరపుకోట దిగి, చోడవరం మీదుగా ఇంటికి. అంబాసిడర్ రోజుల్లో శృంగవరపుకోట వైపు తప్ప ఇదంతా ఒకే జిల్లా. 2022 ఏప్రిల్ నుంచి మా రావికమతం అనకాపల్లి జిల్లా అయింది, పాడేరు అల్లూరి సీతారామరాజు జిల్లాకి కేంద్రమైంది.

"మొదటి రాత్రికే అరకు చేరిపోదాం" అన్నాడు కొడుకు. మనవరాలు ఫోన్‌లో లంబసింగి గుడారాలు చూపించింది. మామ్మ నన్ను కొబ్బరిపీచుతో తోముతూనే అడిగింది. "ఆ డేరాలో ఏణ్ణీళ్ళెక్కడివి? రాత్రి లేస్తే ఎంత దూరం నడవాల? మెట్లెన్ని?" ఆ మూడు ప్రశ్నలకీ ఫోన్‌లో బొమ్మలే ఉన్నాయి, జవాబు లేదు.

నర్సీపట్నం నుంచి ఘాట్ ఎక్కుతుంటే మామ్మ మనవరాలికి ఆ దారి కథ చెప్పింది. ఆ కొండల్లో రోడ్డు వెయ్యడానికి బాస్టియన్ అనే తెల్లదొరల ఉద్యోగి గిరిజనుల చేత చాలీచాలని కూలికి చాకిరీ చేయించాడు. ఆ కడుపుమంట అల్లూరి సీతారామరాజు పితూరీకి కారణాల్లో ఒకటైంది. 1922 ఆగస్టు 22న చింతపల్లి పోలీసు స్టేషన్ మీద పడి తుపాకులు పట్టుకుపోయారు. మనం హాయిగా కూర్చుని ఎక్కే మలుపుల కింద ఎవరి చెమట ఇంకిందో తెలుసుకుని ఎక్కితే మంచిదని నేనూ అనుకున్నాను.

లంబసింగిని అక్కడివాళ్ళు కొర్రబయలు అంటారు. రాత్రి బయట పడుకున్నవాడు చలికి కొర్రలా, అంటే కర్రలా, బిగుసుకుపోతాడని. సముద్రమట్టానికి సుమారు వెయ్యి మీటర్ల ఎత్తు. అక్కడ టీ తాగి, ఎండ ఉండగానే మరో 20 కిలోమీటర్లు వెళ్ళి చింతపల్లిలో దిగాం. మంచు చూడకుండా వచ్చేశామని పిల్ల చిన్నబుచ్చుకుంది. కానీ పేపర్లలో వచ్చే ఆ చలి అంకెలు లెక్కగట్టేది చింతపల్లి వ్యవసాయ పరిశోధన స్థానంలోనే. చలి ఇక్కడా తక్కువేం కాదు. తేడా అల్లా కింది అంతస్తు గది, కట్టెలపొయ్యి మీద కాగే నీళ్ళు.

తెల్లవారుజామున వసారాలో ఉన్న నా ఒళ్ళంతా మంచు పట్టింది. మూత తిప్పబోతే మర కదల్లేదు. మామ్మ బలవంతం చెయ్యలేదు. నన్ను శాలువాలో చుట్టి ఒళ్ళో పెట్టుకుని, రెండు అరచేతులూ నా మెడ చుట్టూ వేసి కూర్చుంది. ముడతలు పడిన ఆ చేతుల వెచ్చదనం ఇత్తడిలోకి మెల్లగా దిగింది. కాసేపటికి మర తనంతట తనే వదులైనట్టు తిరిగింది. ఎదురుగా వీధంతా తెల్లగా, పక్కింటి గోడ కూడా కనబడకుండా ఉంది. పిల్ల గుమ్మంలో నిలబడి నోరు తెరుచుకుని చూసింది.

రెండో రాత్రి పాడేరులో. దారి పొడుగునా సిల్వర్ ఓక్ చెట్లకి మిరియం తీగలు, వాటి నీడలో కాఫీ. అక్కడ ఆగింది మర్నాటి వంజంగి కొండ కోసం. పొద్దు పొడవకముందే ఎక్కాలి కాబట్టి కొండకి దగ్గర్లోనే పడుకోవాలి. మామ్మ మోదకొండమ్మ దర్శనానికని ఊళ్ళో ఉండిపోయి నన్ను మనవరాలి సంచిలో పెట్టింది. ఆవిడని వదిలి నేను వెళ్ళిన మొదటి ప్రయాణం అదే. పైన మబ్బులు పాలు పొంగినట్టు లోయంతా నిండి, కొండ శిఖరాలు దీవుల్లా తేలుతున్నాయి. కాలిబాట పక్క పొదల్లో మాత్రం తాగి పడేసిన ప్లాస్టిక్ సీసాలు. ఎన్నో ప్రయాణాలకి ఒక్క చెంబు చాలిన ఇంటినుంచి వచ్చిన నాకు మనసు చివుక్కుమంది. నన్ను నింపుకుని రండి, నింపుకుని పొండి. కొండకి మనం చెయ్యగల కనీస మర్యాద అది.

మూడో రోజు సాయంత్రానికి అరకు చేరాం. గది అద్దె మిగులుతుందని, ఆగకుండా అనంతగిరి దిగిపోదామని పొద్దున్నే కొడుకు అని ఉన్నాడు. మామ్మ ఆ మాటకి ఎదురు చెప్పలేదు. ఊరి మొదట్లో అతనే కారు పక్కకి తీసి స్టీరింగ్ మీద నుంచి చేతులు దించాడు. వేళ్ళు సన్నగా వణుకుతున్నాయి.

"అలిసిపోయానమ్మా. పొద్దున్నే దిగుదాం. దారిలో బొర్రా గుహలు కూడా చూసినట్టుంటుంది."

"అలాగే బాబూ" అంది మామ్మ. అంతకుమించి ఒక్క మాట లేదు.

నాకప్పుడు మూడు రాత్రుల లెక్కా తేటపడింది. మొదటి మజిలీ మామ్మ మోకాళ్ళ కోసం, రెండోది పిల్ల కళ్ళ కోసం, మూడోది బండి నడిపేవాడి చేతుల కోసం. ఎన్ని కిలోమీటర్లు మిగిలాయన్న ప్రశ్నకి రాత్రి ఎక్కడ ఆగాలో తెలియదు. ఆ పూట ఎవరి ప్రాణం ఎక్కువ అలిసిందో చూసుకుంటే తెలుస్తుంది.

గది దగ్గర పెట్టెలు దించకముందే కొడుకు నన్ను తీసుకెళ్ళి మంచినీళ్ళ కుళాయి కింద పెట్టాడు. నిండాక అక్కడే నిలబడి, తల పైకెత్తి, నన్ను పెదవులకి తగలకుండా ఎత్తి పట్టుకుని గుటగుటా తాగాడు. ఆరేళ్ళప్పుడు గెడ్డ పక్కన తాగినట్టే. తరవాత మళ్ళీ నింపి, మూత బిగించి, తల్లి ఒళ్ళో పెట్టాడు.