క్యూలో పోయినవాడు: సటీకా తాత్పర్యము

మూలము (ఆటవెలది)

వేచి యున్న వాడు విగతుఁ డయిన నేమి
విలువ చెదరబోదు వీసమైన
తాళ మున్న వాడు తనువు వీడిన నాడు
తలుపు తీయువారు ధరణి లేరు

ప్రతిపదార్థము: వేచి యున్న వాడు = సెమాఫోర్ విలువ సున్నా కాగా క్యూలో నిద్రించు ప్రాసెస్; విగతుఁ డయిన నేమి = కిల్ మైనస్ 9 అను చంపు ఆజ్ఞకు బలియైనచో నేమి; వీసమైన = పదునారవ వంతైనను; విలువ చెదరబోదు = ఆ అంకె కదలదు; తాళ మున్న వాడు = లోపల గడియ వేసికొన్నవాడు; తనువు వీడిన నాడు = క్రాష్ అయిన నాడు. తక్కినది సులభము.

(సెమాఫోర్ పూర్ణాంకము. అందు వీసమునకు చోటు లేదు. యతి కొఱకు వచ్చిన పదమని ఒప్పుకొనుటయే మర్యాద.)

తాత్పర్యము: 1960లలో డచ్చి దేశీయుడు డైక్‌స్ట్రా రైలు సిగ్నలు పేరు పెట్టి, లోనికి ఇంకను ఎందఱు పోవచ్చునో చెప్పు సెమాఫోర్ అను ఈ అంకెను కల్పించెను. లోనికి పోవువాడు 'పీ' చేసి ఒకటి తగ్గించును. వెలికి వచ్చువాడు 'వీ' చేసి ఒకటి పెంచును. క్యూలోనివాడు ఇంకను ఏమియు తగ్గింపలేదు. కనుక పోయినను బాకీ లేదు.

పూర్వపక్షము: పాఠ్యపుస్తకములలో విలువ సున్నా కంటె దిగునే, మైనస్ 3 అనగా ముగ్గురు వేచియున్నారని కదా అర్థము? అందొకడు పోయిన విలువ మారవలదా?

సమాధానము: మారవలెను. మైనస్ 2 చేయనిచో ఒక 'వీ' చచ్చినవాని పేర పిండమై పోవును. తరువాత వచ్చిన బ్రతికినవాడు ఖాళీ గది ముందు నిలుచును. కాని మన కవి యునిక్స్ సిస్టమ్-ఫైవ్ సంప్రదాయమువాడు. అచట విలువ సున్నాకు దిగువకు పోదు. వేచియున్నవారి లెక్క వేఱు, తగ్గునది అదియే.

విశేషము: 'ధరణి లేరు' అతిశయోక్తి. సెమ్-అన్‌డూ అను జెండా పెట్టియున్నచో, పోయినవాని బాకీని కెర్నెలే తీర్చును. అయితే వాడు సగము వ్రాసి వదలిన డేటాను ఎవరు సరిచేయుదురు? దానికి శ్రాద్ధవిధి లేదు. పోసిక్స్ సెమాఫోర్లకు ఆ జెండాయు లేదు. నిజమునకు సెమాఫోర్‌కు యజమాని యనువాడే లేడు. ఎవరైనను 'వీ' చేయవచ్చును; చేయవలెనని ఎవరికిని తోచదు, అదే చిక్కు. యజమాని పోయెనని తరువాతివానికి చెప్పునది రోబస్ట్ మ్యూటెక్స్, అది వేఱు జాతి తాళము.

ఈ టీకాకారుడు ఒక రాత్రి రెండు గంటలకు, జెండా లేని సెమాఫోర్ ముందు పడిగాపులున్న ప్రాసెస్‌లను ఒక్కొక్కటిగా చంపెను. క్యూ తగ్గుచుండెను, విలువ సున్నాయే. తుదకు సెమాఫోర్ల వివరము చూపు ఐపీసీఎస్ ఆజ్ఞ కొట్టి చూడగా, ఆ సెమాఫోర్‌ను కడపట ముట్టినవాని సంఖ్య కనబడెను. బ్రతికియున్న ప్రాసెస్‌ల జాబితా చూపు పీఎస్ కొట్టెను. ఆ సంఖ్యగలవాడు లేడు.